మేనమామ దస్తూరి

తూనికలు కొలతల శాఖ కార్యాలయంలో, పాత త్రాసులు పడేసిన గది దాటితే ఇంకో గది ఉంది. దాని తలుపు మీద ‘మరమ్మతులో ఉంది’ అన్న బోర్డు పాతికేళ్ళుగా వేలాడుతోంది. ఆ గదిలో మరమ్మతయ్యేవి త్రాసులు కావు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఏజెంటు ఆ తలుపు తట్టాడు. శాఖలో అతన్ని ‘దస్తూరి’ అంటారు. ఎవరి చేతిరాతనైనా ఒక పూట చూస్తే చాలు, ఆ మనిషే కూర్చుని రాశాడనిపించేలా రాసిపెడతాడు. వయసు నలభై ఆరు. ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి గుర్తుపట్టలేని మొహం. ఆ వృత్తిలో ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి?

లోపల బల్ల వెనక శాఖాధిపతి కూర్చుని ఉన్నాడు. అందరికీ ఆయన పెద్దాయన. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"శుక్రవారం పదకొండింటికి వంతెన దగ్గర సంతకాలు. విన్నావుగా?"

విననివాళ్ళెవరు? పరాయి పాలకులు ఓడలెక్కి వెళ్ళిపోయిన నాడు, వాళ్ళ కింద నలిగిన తొమ్మిది రాష్ట్రాలూ కలిసి ఒక్క దేశమవుతాయనే అందరూ అనుకున్నారు. అవలేదు. తొమ్మిది జెండాలు లేచాయి, తొమ్మిది రకాల తపాలా బిళ్ళలు వచ్చాయి. నదికి ఎగువనున్నది ఎగువ దేశమైంది, ఈ శాఖ ఉన్న దిగువ ప్రాంతం దిగువ దేశమైంది, మధ్యనున్న వంతెనకి ఇనుప గేటు పడింది. ఇరవై రెండేళ్ళ కిందట అందరూ మళ్ళీ ఒకచోట కూర్చుని, ఇకనైనా ఒకటవుదామని మహాసభ పెట్టారు. సంతకాలకి రెండు రోజుల ముందు అది కాస్తా పెటాకులైంది. ఆ తర్వాత గేటు తాళం ఎవరూ తియ్యలేదు. ఇప్పుడు ఒకే దేశం ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఎగువ మనిషి దిగువకీ, దిగువ మనిషి ఎగువకీ వీసా లేకుండా నడిచి వెళ్ళగలిగితే చాలంటున్నారు. ఈ రెండు దేశాలూ సరేనంటే మిగతా ఏడూ మెల్లగా దారికొస్తాయని ఆశ.

కంపెనీకి అది గిట్టడం లేదని పెద్దాయన చెప్పాడు. పాలకులు వెళ్ళిపోయినా వాళ్ళ వర్తక కంపెనీ వెళ్ళలేదు. తొమ్మిది దేశాల రేవులూ రైళ్ళూ దాని గుప్పిట్లోనే ఉన్నాయి. తొమ్మిదిమందిని విడివిడిగా లొంగదీసుకోవడం దానికి బాగా అలవాటైన పని. కంపెనీ తరఫున ఈ వ్యవహారం నడిపించేవాణ్ణి శాఖలో ‘గొడుగు దొర’ అంటారు. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు లేకుండా కనిపించడు.

"సభలో దుబాసీలుంటారు. ఎగువ ప్రతినిధుల దుబాసీ ఒకావిడ. రెండేళ్ళుగా మనకి వేగు. మొన్ననే తెలిసింది, కంపెనీకి కూడా వేగేనని. డబుల్ ఏజెంట్. గొడుగు దొర ఆవిడకి ఒక కాగితాల కట్ట అందజేశాడు. సంతకాల ముందు అధ్యక్షుడు ‘అభ్యంతరాలున్నాయా’ అంటాడు చూడు, అప్పుడు వాటిని మైకులో బయటపెడుతుంది. పెడితే ఎగువ వాళ్ళు లేచిపోతారు."

"ఏం కాగితాలు సార్?"

"నీకనవసరం. చూడకు. కాల్చెయ్."

అతనికి మైకుల మెకానిక్కు వేషం ఇచ్చారు. మీటరులా కనిపించే కెమెరా ఒకటి. ఒక ఫ్లాస్కు, పై అరలో టీ, కింది అరలో నిమిషంలో కాగితాన్ని గుజ్జు చేసే ద్రావకం. ఆఖర్న పెద్దాయన సొరుగులోంచి చిన్న రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు బిళ్ళలు. దుబాసీలు రోజంతా మాట్లాడతారు కాబట్టి ఇస్తే కాదనరట. ఒక్కటి చప్పరిస్తే గొంతు మూసుకుపోతుందట.

"ఎంతసేపు?" అని దస్తూరి అడిగాడు.

పెద్దాయన కిటికీ తెర సరిచేయడానికి లేచాడు. దస్తూరి మళ్ళీ అడగలేదు. అడక్కపోవడమే అతను ఆ శాఖలో మొదట నేర్చుకున్న పని.

*

సమావేశం పెట్టింది వంతెన పక్కనున్న పాత సుంకం ఆఫీసులో. కింద పొడవాటి హాలు, పైన గ్యాలరీలో రెండు అద్దాల గదులు. బుధవారం ఉదయం రిహార్సలు. దస్తూరి ఖాకీ కోటు వేసుకుని, స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని, ఒక్కో హెడ్‌ఫోనూ విప్పి మూస్తూ తిరిగాడు.

నిజానికి ఆ సభకి దుబాసీలతో పని లేదు. రెండు దేశాల భాషా ఒకటే. కానీ ఆ మాట రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవు. ఎగువ దేశం తన భాషకి వేరే పేరు పెట్టుకుంది. దిగువ దేశం వేరే నిఘంటువు అచ్చేయించుకుంది. అందుకని దిగువ ప్రతినిధి లేచి ‘నీళ్ళు’ అంటే, దుబాసీ అద్దాల గదిలోంచి ఎగువ ప్రతినిధి చెవిలో ‘జలము’ అని చెప్పాలి. నవ్వు రాకుండా చెప్పడమే ఆ ఉద్యోగంలో అసలు కష్టం.

పదింటికి ఆవిడ వచ్చింది. ముదురాకుపచ్చ సిల్కు కోటు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, నల్ల కళ్ళద్దాలు. ఆవిడ నడిచి వస్తుంటే కారిడార్లో టైపు మిషన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. వయసు ముప్పై నాలుగని ఫైల్లో ఉంది. తల తిప్పి ఎవర్నీ చూడలేదు. చూడనక్కర్లేదన్న సంగతి ఆవిడకి తెలుసు.

దస్తూరి ముందుకెళ్ళి సంకేత వాక్యం చెప్పాడు. "లైన్లో గరగర వస్తోందని కంప్లైంటండీ."

"ఎర్తు సరిగ్గా లేదేమో చూడండి," అంది ఆవిడ. సంకేతం కలిసింది.

తర్వాత అతను మామూలుగా రిపేరు రిజిస్టరు చాపి సంతకం అడిగాడు. ఆవిడ పెన్ను తీసుకుని ‘హెడ్‌ఫోను సరిచేయబడినది’ అని ఒక వాక్యం రాసింది. పదాలన్నీ ముందు బోడిగా రాసుకుంటూ పోయి, చివర్న వెనక్కొచ్చి తలకట్లన్నీ ఒకేసారి పెట్టింది. ఒక్కటీ అక్షరానికి తగల్లేదు. తీగ మీద వాలబోతూ ఆగిన పిట్టల్లా ఉన్నాయి.

దస్తూరి రిజిస్టరు మూయడం మర్చిపోయాడు.

అలా రాసే ఇల్లు ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది అతని మేనమామ ఇల్లు. తండ్రి పోయాక తల్లి అతన్ని తీసుకుని అన్నగారింటికి చేరింది. అప్పటికింకా దేశాలు పడలేదు, వంతెనకి గేటూ లేదు. మామయ్య పలక మీద అక్షరం రాసి, దాని మీద అతని చెయ్యి పట్టి దిద్దించేవాడు. తలకట్టు తొందరపడి పెట్టొద్దనేవాడు. ముందు మాట పూర్తిగా చెప్పు, తర్వాత టోపీ పెట్టు అనేవాడు. తర్వాత తల్లీ కొడుకులు దిగువకి వచ్చేసినా అప్పుడప్పుడూ వెళ్ళేవారు. ఆ ఇంట్లో చివరిసారి చూసినప్పుడు మామయ్య కూతురికి పన్నెండేళ్ళు. ఎండలో మెట్ల మీద కూర్చుని అతని బూటు లేసులు రెండూ కలిపి ముడేసి నవ్విన పిల్ల. ఫైల్లో ఆవిడ తండ్రి పేరున్న చోట నల్ల సిరా పూసి ఉంది. ఎందుకు పూశారో అతనికి ఇప్పుడర్థమైంది.

మహాసభలో ఎగువ దేశం తరఫున రాజ్యాంగం రాసింది ఆ మామయ్యే. అప్పుడు దస్తూరికి ఇరవై నాలుగు, శాఖలో కొత్త. పెద్దాయన ఒక కాగితం చూపించి, ఈయన రాత రాయగలవా అని అడిగాడు. చూడగానే ఎవరిదో తెలిసింది. "నాకు రాయడం నేర్పిందే ఆయన సార్," అన్నాడు. గర్వంగా అన్నాడు. చేసింది తలుచుకున్నప్పుడు ఎలాగో ఓర్చుకోగలిగేవాడు గానీ, ఆ గర్వం తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా చెవులు మండేవి.

మూడు రోజులు కూర్చుని రాశాడు. పదిహేడు కాగితాల మీద సాధన చేసి పద్దెనిమిదో దాని మీద అసలుది రాశాడు. దిగువ వాళ్ళు మన గడప తొక్కడానికి తగరు, సంతకాలయ్యేదాకా బుజ్జగించండి, ఆ తర్వాత నీళ్ళు మన చేతిలోనే ఉంటాయి అని మామయ్య ఎవరో స్నేహితుడికి రాసినట్టుగా ఉంది అందులో. మర్నాడు దాని ఫోటో తొమ్మిది దేశాల పత్రికల్లోనూ అచ్చయింది. మామయ్య తను రాయలేదని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. విలేకరులు దిగువ దేశంలో ఉన్న చెల్లెలి దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ కాగితం పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, "మా అన్నయ్య రాతే," అంది. దస్తూరి అప్పుడు తల్లి పక్కనే, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

*

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక అతను అద్దాల గదిలోకి వెళ్ళాడు. ఎక్కడ వెతకాలో తెలిసినవాడు కాబట్టి రెండు నిమిషాలు పట్టింది. హెడ్‌ఫోన్ల తోలుపెట్టె అడుగున అస్తరు ఊడదీసి మళ్ళీ అంటించారు. లోపల మడతపెట్టిన కాగితాలు. చూడొద్దన్నారు. చూశాడు.

అవి అతని సాధన కాగితాలే. పదిహేడూ ఉన్నాయి. మొదటి కాగితంలో ‘గడప’ అన్న మాట ముప్పైసార్లు రాసి ఉంది. పదో కాగితానికి వచ్చేసరికి తలకట్లు కుదిరాయి. పదిహేడో దాని మూలన, మామయ్య సంతకం కింద, కుర్ర ఉత్సాహం పట్టలేక చిన్న అక్షరాలతో ‘భేష్’ అని రాసుకున్నాడు. ఆ సంగతి మర్చిపోయాడు. కాల్చేశానని పెద్దాయన అప్పట్లో చెప్పాడు. కాల్చలేదు, పని పూర్తయిందనడానికి సాక్ష్యంగా కంపెనీకి పంపాడు. అందుకే ఈసారి చూడకుండా కాల్చమన్నాడు.

కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. మధ్యలో నీటిగుర్తు కనిపించింది. తెరచాప ఓడ. కంపెనీ ముద్ర. రాస్తున్నప్పుడే చూశాడు దాన్ని. మన శాఖలో ఈ కాగితం ఎందుకుందని అప్పుడు అడిగి ఉండాల్సింది.

ఫ్లాస్కు కింది మూత తిప్పాడు. ఘాటు వాసన వచ్చింది. కాగితాలు లోపలికి జారవిడవడమే తరువాయి.

"మెకానిక్ గారూ, గరగర దొరికిందా?"

ఆవిడ లోపలికొచ్చి తలుపు మూసింది. ఆ గదిలో మాట గదిలోనే ఉంటుంది, అద్దాలు అంత మందం. నల్ల కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. కళ్ళు అచ్చం మామయ్యవి.

"అవి మీ రాతేనా?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. నాలుగైదు నోటిదాకా వచ్చాయి కూడా. ఎందుకో ఒక్కటీ బయటికి రాలేదు.

"నాదే."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. పిలవడానికి ఇబ్బంది పడుతున్న మనిషిలా పెదవులు తడుపుకుంది. "అయితే నువ్వు బావవి," అంది.

తర్వాత ఆవిడ నిలబడే చెప్పింది. ఉత్తరం అచ్చయిన రోజున తండ్రి పత్రికని కిటికీ దగ్గర పెట్టుకుని గంటసేపు చూశాడట. చివరికి తలకట్ల మీద వేలు పెట్టి, ‘బాగా నేర్చుకున్నాడు’ అన్నాడట. ఎవరని తల్లి అడిగితే చెప్పలేదు. ఉద్యోగం మానేశాడు, గడప దాటడం మానేశాడు. నాలుగేళ్ళు అలా ఉండి పోయాడు. పోయేముందు మాత్రం కూతుర్ని దగ్గరికి పిలిచి చెప్పాడు.

"‘వాడి పేరు బయటపెడితే మా చెల్లెలికి కొడుకు దక్కడు. నా పరువు ఎలాగూ పోయింది, దాంతో సరిపెట్టెయ్యి’ అన్నాడు. నేను సరిపెట్టుకోలేదు బావా. మా దేశంలో ఎవర్నైనా ద్రోహి అనాలంటే మా నాన్న పేరు పెట్టి తిడతారు. బడిలో నా ముందే తిట్టేవాళ్ళు. ఈ కాగితాల కోసమే మీ శాఖలో చేరాను. అక్కడ దొరకలేదు. కంపెనీలో చేరాను. దొర తనంతట తనే చేతిలో పెట్టాడు. సభలో చదువుతానంటేనే ఇస్తానన్నాడు, చదువుతానన్నాను."

"చదివితే గేటు తెరుచుకోదు."

"తెలుసు. మూసుండనీ."

క్షమించమనడానికి నోరు తెరిచాడు గానీ, ఆ మాట తన నోట్లో ఎంత వెకిలిగా వినిపిస్తుందో ముందే తెలిసి మూసుకున్నాడు. కాగితాలు మడతపెట్టి ఆవిడ చేతికిచ్చాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆజ్ఞ తప్పడం అదే మొదలు.

ఆవిడ వాటిని కోటు లోపలి జేబులో పెట్టుకుంది. "మీవాళ్ళు నన్నేం చెయ్యమన్నారో ఊహించగలను. చేసేదుంటే శుక్రవారం లోపు చేసెయ్," అని కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఫోన్లో కాగితాలు దొరకలేదని దస్తూరి రిపోర్టు చేశాడు. పెద్దాయన కోప్పడలేదు. డబ్బా నీ దగ్గరే ఉందిగా అన్నాడంతే.

*

శుక్రవారం పదిన్నరకే హాలు నిండిపోయింది. రెండు దేశాల రేడియోలూ నేరుగా ప్రసారం చేస్తున్నాయి. బల్లకి ఒక వైపు దిగువ ప్రధాని, ఒకప్పుడు కోర్టులో కేసులు వాదించిన మనిషి, ఇప్పటికీ అందరికీ వకీలుగారే. రెండో వైపు ఎగువ ప్రధాని డాక్టరమ్మ. డెబ్భై ఏళ్ళు, చేతికర్ర, పురుళ్ళు పోసిన రోజుల్నాటి కరుకు మాటలు. పరిశీలకుల వరసలో మూడో కుర్చీలో గొడుగు దొర, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, చిన్న నవ్వొకటి మొహానికి తగిలించుకుని కూర్చున్నాడు.

పైన అద్దాల గదిలో దుబాసీ మైకు ముందుంది. గరగర వస్తే చూడాలన్న సాకుతో మెకానిక్కు పక్క స్టూలు మీద కూర్చున్నాడు. కాగితాలు ఆవిడ మోచేతి కింద ఉన్నాయి. ఆవిడ మైకు స్విచ్చి ఆపి అతని వైపు తిరిగింది.

"గొంతు గరగరలాడుతోంది. బిళ్ళేమైనా ఉందా?"

అతని కోటు జేబు ఉబ్బెత్తుగా ఉంది. అందులో ఏముందో ఆవిడకి తెలుసని అతనికి అర్థమైంది. చెయ్యి చాపి, అరచెయ్యి తెరిచి, అలాగే ఎదురుచూసింది.

అతను డబ్బా తీశాడు. ఫ్లాస్కు కింది అర తెరిచి బిళ్ళలన్నీ అందులో ఒంపేశాడు. బుసబుసమని నురగ పొంగి ఆగిపోయింది.

"నీ గొంతుతో పనుంది," అన్నాడు.

కింద అధ్యక్షుడు ఒప్పందం ఆఖరి పేజీ చదవడం పూర్తి చేశాడు. వకీలుగారు పెన్ను మూత తీశారు. గోడ గడియారం పదకొండుకి ఒక్క నిమిషం తక్కువ చూపిస్తోంది.

"సభ్యుల్లో ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?"

గొడుగు దొర తలెత్తి అద్దాల గది వైపు చూశాడు. ఆవిడ కాగితాలు విప్పింది. మైకు స్విచ్చి మీదకి వేలు వెళ్ళింది. ఆ వేలు దాన్ని తాకే లోపల దస్తూరి రెండో మైకు దగ్గరికి లాక్కుని, హాలు స్పీకర్లకి వెళ్ళే స్విచ్చి వేశాడు.

"అధ్యక్షా, ఒక్క మాట. నేను దిగువ దేశం ఉద్యోగిని. నేను చెప్పేది దుబాసీగారు ఎగువ ప్రతినిధులకి చెబుతారు."

హాలంతా తలలు తిప్పింది. గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరికీ తెలియలేదు. దుబాసీ అతన్ని చూసింది. పదేళ్ళ అలవాటు, ఎదుటివాడు ఆగితే తను మొదలుపెట్టాలి. పెట్టింది.

"ఇరవై రెండేళ్ళ కిందట మహాసభని చెడగొట్టిన ఉత్తరం రాసింది నేను."

"ద్వావింశతి వత్సరముల పూర్వము మహాసభను భగ్నము చేసిన లేఖను లిఖించినది నేను," అని ఆవిడ గొంతు ఎగువ వాళ్ళ చెవుల్లో పలికింది.

"ఎవరి పేరుతో రాశానో ఆయనకి ఆ ఉత్తరం సంగతే తెలియదు. ఆయన మా మేనమామ."

"ఎవరి నామమున..." అని మొదలుపెట్టి ఆవిడ ఆగింది. "ఆయన మా మేనమామ," అంది. మేనమామకి ఎగువ భాషలో వేరే మాట ఉంది. ఆవిడ వెతకలేదు.

"నాకు చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది ఆయన. ఆ అక్షరాలతోనే ఆయన్ని దొంగని చేశాను. మా అమ్మ చేతే అది ఆయన రాత అని చెప్పించాను. ఆయన పోయాడని తెలిసిన రోజు కూడా మామూలుగా ఆఫీసుకి వెళ్ళాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ‘నేను రాయగలను’ అని నేనే అన్నాను."

దుబాసీ నోరు తెరిచింది. కింద ఎగువ ప్రతినిధుల వరసలో మొదట డాక్టరమ్మ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత పక్కనాయన తీశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తీసేశారు. ఇక దుబాసీ చెప్పనక్కర్లేకపోయింది.

దస్తూరి చెబుతూనే ఉన్నాడు. ఉత్తరంలో మాటలు కంపెనీ ఇచ్చినవి. కాగితం కూడా కంపెనీదే. సాధన చేసిన పదిహేడు కాగితాలు దుబాసీగారి చేతిలో ఉన్నాయి, ఏ ఒక్కటి వెలుగులో పట్టుకున్నా ఓడ ముద్ర కనిపిస్తుంది. అవి ఈరోజు ఇక్కడికి పంపింది కూడా ఆ కంపెనీయే, పరిశీలకుల వరసలో మూడో కుర్చీ. అప్పుడు ఆ ముద్ర తనకి కనిపించినా అడగలేదని, అది కూడా రాసుకోమని చెప్పి ఆగాడు.

మూడో కుర్చీ లేచింది. గొడుగు చేత్తో పట్టుకుని తలుపు దాకా నడిచింది. కానీ తలుపు దగ్గర రెండు దేశాల పోలీసులూ నిలబడి ఉన్నారు, ఆ ఒక్క విషయంలో వాళ్ళకి దుబాసీ అవసరం రాలేదు.

డాక్టరమ్మ కర్ర ఆనించుకుని లేచింది. తలెత్తి అద్దాల గదిని చూసింది.

"సిగ్గుగా ఉందా నాయనా?"

"ఉందండి."

"మాకూ ఉంది. ఆయన రాత చూసి నమ్మేశాం గానీ, ఆయన మొహం చూసి నమ్మలేదు. ఇరవై ఏళ్ళు ఆయనతో కలిసి పనిచేసినదాన్ని, నేనే నమ్మలేదు." ఆవిడ వకీలుగారి వైపు తిరిగింది. "ఈ ఒప్పందం మొదటి పేజీలో ఆయన పేరు పెట్టించండి. ఆయన మొదలుపెట్టిన పని అని రాయించండి. పెడితే సంతకం చేస్తాను."

వకీలుగారు సలహాదారుల వైపు చూశారు. సలహాదారులు కాళ్ళ వైపు చూసుకున్నారు. పదకొండూ నలభైకి సంతకాలయ్యాయి. పేరు చేత్తో రాయాల్సి వచ్చింది, టైపు చేసే వ్యవధి లేదు. దుబాసీ కిందకి దిగి వెళ్ళి తనే రాసింది. పదాలన్నీ ముందు రాసి, తలకట్లు తర్వాత పెట్టింది. దస్తూరి గ్యాలరీలోంచి చూస్తూ ఉండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

*

అతన్ని పదకొండు రోజులు ఒక గదిలో ఉంచారు. కేసు పెట్టాలంటే అతను ఫలానా శాఖ ఉద్యోగి అని ఎవరైనా ఒప్పుకోవాలి. తూనికలు కొలతల శాఖ తమకి అలాంటి మనిషి ఎన్నడూ లేడని రాసిచ్చింది. పెద్దాయనకి హఠాత్తుగా ఆరోగ్యం చెడింది, సెలవు మీద వెళ్ళాడు, తిరిగి రాలేదు. లేని ఉద్యోగిని శిక్షించే సెక్షను దొరక్క దస్తూరిని ఇంటికి పంపేశారు. శిక్ష పడి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదని అతనికి అనిపించింది.

తల్లి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. రేడియో పక్కనే ఉంది. అతన్ని చూసి జరిగి దారిచ్చింది గానీ మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మొహం చూసేది కాదు. అతను తిని, కంచం కడిగి బోర్లించి, గదిలోకి వెళ్ళి కూర్చునేవాడు. బయటికి వెళ్తే వీధిలో జనం చూపు తిప్పుకునేవాళ్ళు. ఎవరూ తిట్టలేదు. తిడితే ఎదురుగా నిలబడవచ్చు.

ఆరో రోజున ఆవిడ చేట కింద పెట్టింది.

"రాసింది నువ్వు. మా అన్నయ్య రాతేనని చెప్పింది నేను. ఆ రోజు కనీసం వంతెన దాటి వెళ్ళి, ‘ఇది నువ్వే రాశావా’ అని ఒక్కమాట అడగలేదు. నాకు రోషమొచ్చింది. పోయాడని తెలిసినా వెళ్ళలేదు." కొంగుతో చేతులు తుడుచుకుని, "నీ మొహం చూడలేకపోతున్నాననుకుంటున్నావు. నాది చూపించలేకపోతున్నానురా," అంది.

అతను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ అతని తల నిమరలేదు. దూరంగా జరగనూ లేదు.

"రేపు గేటు తీస్తారట," అంది. "నాతో రా. ఒక్కదాన్నీ ఆ ఇంటి మెట్లెక్కలేను."

మర్నాడు పొద్దున వంతెన మీద పెళ్ళివారి గుంపులా జనం. ముసలివాళ్ళు ఎక్కువ. ఎండ ఇంకా ముదరలేదు. గేటు తాళం తుప్పు పట్టి రాకపోతే కట్టర్లు తెచ్చి కోశారు. అవతలి చివర, వచ్చేవాళ్ళ కోసం నిలబడ్డవాళ్ళలో, ఒకావిడ నల్ల కళ్ళద్దాలు లేకుండా ఉంది. ఆవిడ మేనత్త కోసం వచ్చిందో, బావ కోసం వచ్చిందో, బావ మొహం మీద తలుపు వెయ్యడానికే వచ్చిందో దూరం నుంచి తెలియలేదు. దస్తూరి అడుగులు మెల్లబడ్డాయి. తల్లి అతని మోచెయ్యి పట్టుకుని లాగింది.

గేటు దగ్గర కొత్తగా వేసిన కాపలాదారు అందర్నీ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. వీసా అక్కర్లేకపోయినా సుంకం నిబంధన ఇంకా ఎత్తెయ్యలేదట. వీళ్ళ వంతు వచ్చినప్పుడు సంచీ వైపు చూసి, దాచినవేమైనా ఉంటే ఇక్కడే చెప్పెయ్యాలమ్మా అన్నాడు.

"దాచినవన్నీ మావాడు మొన్ననే చెప్పేశాడు నాయనా," అంది తల్లి. "రేడియోలో వచ్చింది, నువ్వు వినలేదూ?"